దొడ్డి గ్యాసు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. అయితే ఈ ఒక్క విషయంలో నా కోపానికి సరిపడా కారణం ఉంది. అందుకే దాన్ని చల్లార్చుకోకుండా రాస్తున్నాను.

మాది నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో ఒక ఊరు. పెంకుటిల్లు, వెనక దొడ్డి. మా వైపు దొడ్డి అంటే ఇంటి వెనక స్థలం. నుయ్యి, కొబ్బరిచెట్లు, మూడు ఆవులూ ఒక గేదే ఉండే పాక, బట్టలారేసే తీగ, ఓ మూల మరుగుదొడ్డి, అన్నీ అందులోనే. దొడ్డి గుమ్మం వేశావా, దొడ్లో కరివేపాకు తెంపుకురా, దొడ్లోకి కుక్క వచ్చినట్టుంది చూడు అంటూ రోజుకి ఇరవైసార్లు ఆ మాట మా నోట్లో పడుతుంది. దాని గురించి ఎప్పుడైనా ఆలోచించాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. మామగారు పోయి పదిహేనేళ్ళు దాటింది. మా అత్తగారు మడి మనిషి. ఇంట్లోకి గ్యాసు బండ వచ్చి పాతికేళ్ళయినా ఆవిడ ఒక్కసారీ దాన్ని ముట్టుకోలేదు. ఆ బండ ఎవరెవరి చేతుల మీదుగా వస్తుందో తెలీదు అనేవారు. ఎవరెవరంటే ఎవరో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. బండ మోసుకొచ్చే మనిషి చేతిలో ఏ దోషమూ లేదండీ, దోషం మన బుర్రలో ఉందని మొహం మీదే అన్నాను. ఒకసారి కాదు, పాతికేళ్ళూ అన్నాను. ఆవిడ వినేవారు. విని, తడి చీర కట్టుకుని, వెనక వంటింట్లోకి వెళ్ళి కట్టెల పొయ్యి రాజేసుకునేవారు.

ఆ వంటిల్లు చూస్తే నాకు ఒళ్ళు మండేది. కిటికీ ఒకటే, అదీ జానెడు. గోడలు నల్లగా, పైన దూలాలు నల్లగా. అందులో రోజూ తన ఒక్క మనిషికి అన్నం, పప్పు వండుకోవడానికి గంటన్నర పొగలో కూర్చునేవారు. బయటికొచ్చాక కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గేవారు. ఆ దగ్గు వీధి అరుగు మీదికి వినపడేది. మా ఆయన ఆ దగ్గు వినపడగానే పేపరు ఇంకాస్త పైకెత్తుకునేవారు.

చివరికి భీమవరంలో డాక్టరుకి చూపించాం. ఫొటో తీయించి, ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "మామ్మగారూ, చుట్ట అలవాటుందా అండీ?" అని అడిగాడు. అత్తగారు వారం రోజులపాటు ఆ డాక్టరుని తిట్టారు. ఆయన మాత్రం నన్ను పక్కకి పిలిచి, ఊపిరితిత్తులు సగం పైన పోయాయి, ఇక పొగ దగ్గరికి వెళ్ళనివ్వకండి, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అన్నాడు. నేనేం చెయ్యాలండీ, ఆవిడ చేతులు కట్టేయాలా అనుకున్నాను. వంట మానమంటే తిండి మానేస్తారు ఆవిడ. నా చేతి వంట తినరు. అదొక కోపం, దాని సంగతి ఇక్కడ వద్దు.

గోబర్ గ్యాసు ఆలోచన అప్పుడొచ్చింది. పక్క ఊళ్ళో పాలడెయిరీ పెట్టుకున్నాయన దొడ్లో చూశాను. పేడ, నీళ్ళు కలిపి తొట్లో పోస్తే భూమిలో కట్టిన గుమ్మటంలోకి పోయి పులుస్తుంది, పైన గొట్టంలోంచి గ్యాసు వస్తుంది, రెండోవైపు మడ్డి బయటికొస్తుంది, అది పొలానికి ఎరువు. ఇంటికొచ్చి అత్తగారి ముందు కూర్చుని ఇదే చెప్పాను. ఎవరి చెయ్యీ తగలదండీ, మన ఆవులు, మన పేడ, మీరే కలిపి మీరే పొయ్యండి అన్నాను. ఆవిడతో వాదించి గెలవలేనని తెలిసి పక్కనుంచి తిరిగొచ్చాను. సిగ్గుగానే ఉంది ఇప్పుడు చెప్పుకోడానికి. మడిని ఎదిరించలేక దానికే ఓ పొయ్యి వెతికాను.

ఆవిడ రెండు రోజులు ఆలోచించి ఒక షరతు పెట్టారు. ఆవు పేడే వెయ్యాలి, గేదె పేడ పిడికెడు పడినా ఒప్పుకోను అన్నారు. సరే అన్నాను.

తర్వాత గోబర్ గ్యాసు సబ్సిడీ కోసం ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. మా ఆయన సంతకాలు పెట్టారు, అంతవరకే. ఒకనాడు ఆఫీసరు వచ్చి, దొడ్లో నన్ను నిలబెట్టి ఫొటో తీసుకుని, వీధిలోకొచ్చి అరుగు మీద కాఫీ తాగుతూ సెల్‌ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఏదో హాస్టల్లో మరుగుదొడ్లన్నీ గ్యాసు తొట్టికే కలిపేశారట, గ్యాసు బాగా వస్తోందట. మీదీ పక్కనే ఉంది కదండీ, ఒక పైపు కలిపేద్దామా అన్నాడు. ఆ రోజు మా చిన్నమామగారు కొబ్బరికాయల లెక్క చూసుకోవడానికి రాజమండ్రి నుంచి వచ్చి అదే అరుగు మీద ఉన్నారు. మామగారి తమ్ముడు. ఆ వీడియో ఆయనా వంగి చూశారు. బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగాక నేను ఆఫీసరుకి చేతులు జోడించి, ఆ పని మాత్రం వద్దండీ, మా అత్తగారు నూతిలో దూకుతారు అన్నాను. చిన్నమామగారు విన్నది సగమే. ఆ సగం ఆయన కడుపులో ఆరు నెలలు ఉండిపోయింది.

మా నేలలో గొయ్యి తవ్వడమంటే మాటలు కాదు. మూడడుగులకే నీళ్ళు ఊరతాయి. అందుకని ఎండాకాలంలో కాలువలు కట్టేసేదాకా ఆగాం. అప్పుడైనా మోటారు పెట్టి తోడుతూనే ఉండాల్సొచ్చింది. మేస్త్రి మోకాలి లోతు బురదలో నిలబడి ఇటుక కట్టాడు. పూర్తయ్యాక చూస్తే భూమిలో పెద్ద మూకుడు బోర్లించినట్టుంది. మరుగుదొడ్డికీ దానికీ మధ్య నాలుగు బారల దూరం. మరుగుదొడ్డి తొట్టి అవతలి వైపు, ప్రహరీ గోడ పక్కన, విడిగా ఉంది. పైపులు ఎక్కడా కలవవు. ఇది ఎందుకింత వివరంగా రాస్తున్నానో తర్వాత తెలుస్తుంది.

పేడ నింపాం. నెల దాటింది. గ్యాసు లేదు. అగ్గిపుల్ల గీసి గొట్టం దగ్గర పెడితే పుల్ల ఆరిపోతోంది. ఆఫీసరుకి ఫోన్ చేస్తే ఎత్తడు. ఫొటో అయిపోయింది కదా. మేస్త్రే వచ్చి మడ్డి వాసన చూశాడు, తర్వాత మా బోరు నీళ్ళు పుక్కిట పట్టి తుపుక్కున ఊశాడు. "పేడలో ఉప్పు పోశారండీ మీరు," అన్నాడు. చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులైపోయి, మా బోరు ఎప్పుడు ఉప్పెక్కిందో మాకే తెలీలేదు. తాగేది డబ్బా నీళ్ళు, వంటకి కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు గిన్నెలు తోమడానికి, పేడకి. పక్కవాడు తన చేలో ఉప్పునీరు పెట్టుకుని డాబా మీద డాబా వేసుకుంటాడు, నా ఆవు పేడ పులవదు. ఎవరిని అడగాలి నేను? అడిగాను కూడా. చెరువు మనిషిని రోడ్డు మీద ఆపి అడిగాను. నవ్వి, మీరూ చెరువెయ్యండమ్మా అన్నాడు.

తొట్టి అంతా తోడించి, మళ్ళీ నింపాం. ఈసారి పంచాయతీ కుళాయి నీళ్ళు. రోజూ ఆరు బిందెలు నేనే మోశాను. శ్రావణం రాకముందు ఒక ఉదయం మంట వచ్చింది. వెనక వంటింట్లో కొత్త పొయ్యి పెట్టి, అత్తగారే వెలిగించారు. వెలిగించి అలా నిలబడ్డారు. పగటి వెలుతురులో ఆ నీలం మంట ఆవిడ కళ్ళకి ఆనలేదు. పైకి, దూలాల వైపు చూసి, "పొగ రావటం లేదేమిటే, వెలగలేదా?" అన్నారు. వెలిగిందండీ అన్నాను. నమ్మక చెయ్యి దగ్గర పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. తర్వాత నవ్వారు. ఆవిడ నా ముందు నవ్వడం నాకు గుర్తున్నంతలో అది నాలుగోసారో అయిదోసారో.

ఆ రోజు నుంచి ఆవిడ పని చూడాలి. తెల్లవారుతూనే రెండు బకెట్ల పేడ, రెండు బకెట్ల నీళ్ళు, తొట్లో చేత్తో కలిపి, గడ్డిపరకలన్నీ ఏరి పారేసి, అడ్డు తీసి లోపలికి వదిలేవారు. నేను చేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. గొట్టంలో నీరు చేరి మంట ఎగిరెగిరి పడితే ఎక్కడ విప్పి నీరు వదలాలో కూడా నేర్చుకున్నారు. మూడు నెలల్లో దగ్గు తగ్గింది. పోలేదు, తగ్గింది. మధ్యాహ్నం భోజనం చేసి, నోటికి గుడ్డ అడ్డం లేకుండా మంచం మీద కూర్చుని నాతో ఊళ్ళో సంగతులు చెప్పేవారు. మా ఆయన పేపరు కిందికి దించి వినేవారు.

కార్తీకంలో మామగారి తద్దినం వచ్చింది. మామగారు పోయినప్పటి నుంచి ఆ వంట ప్రతి ఏడూ అత్తగారే చేస్తారు. గారెలు, అరిసెలు, పరవాన్నం, అరటికాయ కూర, అల్లం పచ్చడి, మిరపకాయ లేకుండా మిరియాలతో అన్నీ. ఇంకెవరినీ దగ్గరికి రానివ్వరు. కిందటేడు ఆ వంట తర్వాత ఆవిడ రెండు రోజులు మంచం దిగలేదు. ఈ ఏడు ఆ బాధ లేదు కదా అని నాకు ఆనందం పట్టలేదు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: ఈసారి మామయ్యగారి ఆబ్దికం వంటంతా మన దొడ్డి గ్యాసు మీదే, అత్తయ్యగారికి పొగ బాధ తప్పింది, అందరూ రండి.

దొడ్డి గ్యాసు. నేను రాసింది అదే. పేడ గ్యాసు అని రాసుంటే సరిపోయేది. గోబర్ గ్యాసు అన్నా సరిపోయేది. కానీ నాకు అది దొడ్లోంచి వచ్చే గ్యాసు. మా ఇంట్లో మేమలాగే అంటాం. పట్నాల్లో పెరిగినవాళ్ళకి దొడ్డి అంటే ఒకటే అర్థం, చెంబు పట్టుకుని వెళ్ళేది. ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. హైదరాబాదులో ఉన్న చిన్నమామగారి కోడలు ముక్కు మూసుకున్న బొమ్మ పెట్టింది. పొరపాటున చెయ్యి తగిలిందేమో అనుకున్నాను. మిగతావాళ్ళు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆ పిల్ల సంగతి వదిలేద్దాం. చిన్నమామగారు ఈ ఇంట్లో పుట్టిన మనిషి. ఈ దొడ్లో గోళీలాడారు. ఈ దొడ్డి గుమ్మంలో కూర్చుని చద్దన్నం తిన్నారు. ఆయనకి తెలీదా ఆ మాటకి మా ఇంట్లో అర్థమేమిటో? తెలుసు. కానీ ఆఫీసరు వీడియో బుర్రలో పెట్టుకుని, కోడలు అన్న మాట దానికి జోడించి, పది రోజులపాటు అందరికీ ఫోన్లు చేశారు. పురోహితుడికి చేశారు. నాకు చెయ్యలేదు. అత్తగారికి చెయ్యలేదు. సొంత అన్న కొడుకుకి చెయ్యలేదు.

తద్దినానికి ముందురోజు తుపాను వాన. ఆ రాత్రి మా ఆయనకీ అత్తగారికీ ఫలహారమే కనక పెద్దగా వంట లేదు, గ్యాసంతా గుమ్మటంలో నిండుగా ఉండిపోయింది. మర్నాడు అత్తగారు తల మీద నీళ్ళు పోసుకుని పొయ్యి వెలిగించారు. పదకొండున్నరకి వంటంతా అయింది. నేను గుమ్మం బయట నిలబడి చూశాను. ఆవిడ మొహం మీద చెమట ఉంది గానీ ఆయాసం లేదు. గారెలు చేటలో దోరగా, ఒక్కటీ మాడకుండా ఉన్నాయి.

తద్దినం భోజనానికి పిలిచిన భోక్తలిద్దరూ వచ్చారు. పురోహితుడు వచ్చాడు. చిన్నమామగారు వాళ్ళని అరుగు మీదే ఆపి ఏదో మాట్లాడారు. కాసేపటికి పురోహితుడు మా ఆయన్ని పక్కకి పిలిచాడు. మా ఆయన లోపలికొచ్చి, తల వంచుకుని, ఆ తొట్టిలోకి మరుగుదొడ్డి పైపు కలుస్తుందా అని అడుగుతున్నారు అన్నారు. నాకు మొదట అర్థమే కాలేదు. ఆయన దొడ్డి గ్యాసు అన్న మాట పలికాక అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

వీధి గుమ్మంలోకి వెళ్ళి, అది ఆవు పేడండీ, పైపులేం లేవు, వచ్చి చూడండి అన్నాను. ఎవరూ కదల్లేదు. పురోహితుడే నెమ్మదిగా చెప్పాడు, స్నానం చేసి మడిబట్టలతో వచ్చారు కదమ్మా, మరుగుదొడ్డి పక్కకెళ్తే మళ్ళీ స్నానం చెయ్యాలి, తద్దినం పెట్టే అపరాహ్ణం వేళ దాటిపోతుంది అని. అంటే చూడకుండా నమ్మరు, చూడాలంటే వెళ్ళకూడదు. ఇంత తెలివైన చిక్కు ఇంకెవరూ వెయ్యలేరు. మీరు చూడండి మామయ్యగారూ, ఆయన బదులు మీరు చూసి చెప్పండి అన్నాను. ఆయన నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నారు. "ఆడవాళ్ళతో ఎందుకురా ఈ మాటలు. కట్టెల పొయ్యి ఉందిగా, మళ్ళీ వండించు."

నేను మా ఆయన వైపే చూస్తున్నాను. పేడ ఎక్కడ పోస్తామో, పైపు ఎక్కడుందో ఆయనకి తెలుసు. రోజూ స్కూలుకెళ్ళే ముందు ఆ గుమ్మటం పక్కనే పళ్ళు తోముకుంటారు. జంధ్యం సర్దుకుంటూ నిలబడ్డారు.

ఈ లోపల అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. అంతా విన్నారు. నేను ఆవిడే చెబుతారనుకున్నాను. రోజూ ఆ పేడలో చెయ్యి పెట్టి కలిపే మనిషి. గేదె పేడ పిడికెడు పడనివ్వని మనిషి. ఒక్క మాట అంటే చాలు, ఆ అరుగు మీద ఎవరికీ నోరు లేవదు. ఆవిడ భోక్తల వైపు చూశారు, ఆకాశం వైపు చూశారు. వెనక్కి తిరిగి నూతి దగ్గరికి వెళ్ళి మళ్ళీ తల మీద నాలుగు చేదల నీళ్ళు పోసుకున్నారు. నాతో ఒకటే అన్నారు. "కట్టెలు తీసుకురావే."

నేను తీసుకురానన్నాను. ఆవిడే వెళ్ళారు. కట్టెలన్నీ వానకి తడిసి ఉన్నాయి. రాజుకోవడానికి అటక మీద పాత పిడకలు ఉంటే అవి దింపారు. ఆ పిడకలు ఎక్కడివి? మా ఆవులవే. అదే ఆవు, అదే పేడ. ఎండబెట్టి కాలిస్తే పవిత్రం, పులియబెట్టి కాలిస్తే అపవిత్రం. పొగ రావాలి, అంతే. ఆడమనిషి కళ్ళల్లోంచి నీళ్ళు కారితే తప్ప పితృదేవతలకి అన్నం దిగదు కాబోలు. నేనీ మాట గట్టిగానే అన్నాను. అరుగు మీద విన్నారు. చిన్నమామగారు గొంతు సవరించుకున్నారు.

మొదట వండిన వంట ఆవులకి పెట్టాం. పరవాన్నం, గారెలు అన్నీ. రెండోసారి వండడానికి రెండున్నర గంటలు పట్టింది. ఒక్క స్నానానికి దాటిపోయే అపరాహ్ణం దీనికి మాత్రం దాటలేదు. ఆ వంటింట్లోంచి పొగ జానెడు కిటికీలోంచి, గుమ్మంలోంచి, పెంకుల సందుల్లోంచి వచ్చింది. దగ్గు వినిపించింది, తర్వాత దగ్గడానికి ఊపిరి చాలని చప్పుడు వినిపించింది. నేను లోపలికి వెళ్ళబోతే మడి, రాకు అని చెయ్యి ఊపారు. వెళ్ళాల్సింది. ఆ చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకురావాల్సింది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. నా మీద నాకున్న కోపం అది.

మూడు దాటాక భోక్తలు తిన్నారు. మా ఆయన తృప్తి అయిందా అని అడిగారు, తృప్తి అయింది అన్నారు. దక్షిణ తీసుకుని వెళ్ళారు. తర్వాత చిన్నమామగారు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, మరుగుదొడ్డికి వెళ్ళారు. వెళ్ళి వస్తూ గుమ్మటం దగ్గర ఆగారు. పేడ కలిపే తొట్టి చూశారు, వంగి అటూ ఇటూ పైపు కోసం చూశారు. వచ్చి నాతో, "అదేంటమ్మాయ్, పేడదేనా? ముందే చెప్పొచ్చు కదా," అన్నారు.

ఆ మాటకి నేనేం జవాబిచ్చానో రాయను. మా ఆయన ఇప్పటికీ దాని గురించి మాట్లాడరు.

ఆ సాయంత్రం అత్తగారికి ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. కారు మాట్లాడుకుని భీమవరం తీసుకెళ్ళాం. ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. అదే డాక్టరు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడంతే. గ్రూపులో ఎవరో ఆబ్దికం ఎలా జరిగిందని అడిగారు. బాగా జరిగింది, వంట దివ్యంగా ఉందని చిన్నమామగారు పెట్టారు. దాని కింద నేను పెట్టాను: అది ఆవు పేడ. అత్తయ్యగారికి ఆక్సిజన్ పెట్టారు. ఆ మెసేజి తీసెయ్యమని మా ఆయన బతిమాలారు. తియ్యలేదు. ఆ కిందన ఎవరూ ఏమీ రాయలేదు, రెండు రోజుల తర్వాత ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చాయి.

నాలుగో రోజున ఆవిడ మాట్లాడగలిగారు. నేను ఊరుకోలేకపోయాను. మంచంలో ఉన్న మనిషిని అడగకూడదని తెలిసీ అడిగాను. మీకు తెలుసు కదండీ, ఒక్క మాట ఎందుకు చెప్పలేదు అన్నాను. ముక్కు మీద గొట్టం పక్కకి జరుపుకున్నారు.

"వాళ్ళు లేచి వెళ్ళిపోతే మీ మామగారు ఏడాదంతా ఆకలితో ఉంటారని భయం వేసిందే."

ఆవిడ మీద కోపం ఉండాల్సింది, అప్పటికప్పుడు ఎక్కడికి పోయిందో పోయింది. మిగతావాళ్ళ మీద రెండింతలైంది. ఆ భయం ఎవరు పెట్టారు ఆవిడకి? పెట్టినవాళ్ళు గారెలు తిని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక ఆవిడ పడకగది నుంచి వీధి గది దాకా నడవడమే కష్టమైంది. పక్కన ఎప్పుడూ ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషను. వెనక వంటింటికి నాలుగు మెట్లు దిగాలి. ఆ మెట్లు దిగలేదు ఆవిడ. పేడ నేనే కలుపుతున్నాను. నా చేతి వంట తినని మనిషి, ఆ పొయ్యి మీద నేను తడి చీరతో వండితే తిన్నారు. ఏమీ అనకుండా తిన్నారు. ఆవిడ ఉప్పు తక్కువైందని తిట్టినా బాగుండేది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. చిన్నమామగారు మా ఆయనకి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టి ఉంది. కిందటేడు అనుమానం పడ్డారు కాబట్టి ఈసారి ఎందుకొచ్చిన గొడవ, కట్టెల మీదే కానిచ్చేయండి, వదిన చెయ్యలేకపోతే అమ్మాయి చేస్తుంది అన్నారు. మా ఆయన సరే బాబాయ్ అనబోయారు. నేను నోరు తెరిచేలోపల అత్తగారు మంచం మీంచి చెయ్యి చాపి ఫోన్ ఇమ్మన్నారు.

"పొయ్యి అలాగే ఉందిరా," అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "కట్టెలున్నాయి. నువ్వు ముందురోజే వచ్చి, తల మీద నీళ్ళు పోసుకుని, తడిబట్టతో ఆ పొయ్యి ముందు కూర్చుని వండు." మళ్ళీ ఆగారు. "మీ అన్నయ్యకి ఒక్క పూట నువ్వు పెట్టకూడదూ?"

సిగ్నల్ లేదేమో వదినా, సరిగా వినపడలేదు అన్నారు చిన్నమామగారు.

ఆ ఏడు వంట గ్యాసు మీదే అయింది. నేనే వండాను. భోక్తలు వాళ్ళిద్దరే. చిన్నమామగారు వాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి, ఇది శుద్ధమైన ఆవు పేడ, మా వదిన పద్ధతిగా దగ్గరుండి కట్టించింది, ఇంతకన్న మడి ఇంకోటి లేదు అని తనే కట్టించినంత వివరంగా చెప్పారు. వాళ్ళు తలలూపారు. ఎవరూ దొడ్లోకి వెళ్ళి చూస్తామనలేదు. తిన్నారు, తృప్తి అన్నారు. చిన్నమామగారు రెండోసారి గారెలు అడిగారు. వడ్డించాను.

వీధి గదిలో అత్తగారు మిషను పక్కన కూర్చుని, గారెలు మెత్తగా వచ్చాయా, మాడలేదు కదా అని నన్ను అడిగారు. బాగా వచ్చాయండీ అన్నాను. బాగానే వచ్చాయి. కానీ ఆ పొయ్యి నేను ఎవరి కోసం పెట్టించానో ఆవిడ దాని ముందు నిలబడి వండింది నాలుగు నెలలే.